టీనేజ్ పిల్లలు డ్రగ్స్ గురించి సర్వేలో చెప్పేది ఎంతవరకు నమ్మొచ్చు?

పదిహేనేళ్ల పిల్లాడి చేతికి ఒక ట్యాబ్ ఇచ్చి, గత 12 నెలల్లో గంజాయి ఎన్నిసార్లు తీసుకున్నావు అని అడిగారనుకోండి. క్లాస్‌రూమ్‌లోనే కూర్చుని ఉన్నాడు, పక్క బెంచీ ఫ్రెండ్ మెడ సాగదీసి మరీ చూస్తున్నాడు, ముందు టీచర్ నిలబడి ఉంది, పేరు రాయక్కర్లేదని చెప్పారు గానీ ఆ మాట వాడు ఎంత నమ్మాడో ఎవరికి తెలుసు. నిజంగా తీసుకున్నవాడైతే వేలు ఒక్క క్షణం ఆగుతుంది, ఇది ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో అని. అసలెప్పుడూ ముట్టనివాడు కూడా పక్కవాడు చూస్తున్నాడు కదా అని గొప్పకి "40 సార్లు, అంతకన్నా ఎక్కువ" అనేదాని మీద నొక్కేస్తాడు. ఆ నాలుగైదు సెకన్లలో వేలు ఎక్కడ పడిందో అదే డేటా, అలాంటివి వేలకొద్దీ పోగేస్తే వచ్చేదే మనం వార్తల్లో చదివే శాతం.

ఈ సర్వేల్లో బాగా పేరున్నది అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ నడిపే మానిటరింగ్ ద ఫ్యూచర్. 1975లో 12వ తరగతి పిల్లలతో మొదలైంది, 1991 నుంచి 8, 10 తరగతుల్ని కూడా కలిపారు. యూరప్‌లో ఎస్పాడ్ అని ఉంది, 1995 నుంచి నాలుగేళ్లకోసారి చాలా దేశాల్లో 15, 16 ఏళ్ల పిల్లల్ని ఒకే రకం ప్రశ్నలు అడుగుతుంది. ఈ రెండూ స్కూళ్లలో జరిగేవి. అమెరికా ప్రభుత్వం నడిపే జాతీయ డ్రగ్ సర్వే ఇంకోటి ఉంది, అది ఇళ్లకెళ్లి 12 ఏళ్లు దాటినవాళ్లందరినీ అడుగుతుంది. ఒకే దేశం, దాదాపు ఒకే వయసు పిల్లలు, అయినా స్కూల్లో అడిగితే ఒక నంబర్, ఇంట్లో అడిగితే అంతకన్నా తక్కువ నంబర్, ఏళ్ల తరబడి ఇదే కనిపిస్తోంది. అమ్మానాన్న పక్క గదిలో ఉన్నప్పుడు పిల్లలు నోరు విప్పడం కష్టం, అంతే సంగతి.

ఇది చూసి చాలామంది రెండు గట్లలో ఏదో ఒకటి పట్టుకుంటారు, పిల్లలు చెప్పేవన్నీ అబద్ధాలే కాబట్టి సర్వేలన్నీ దండగ అని కొందరు, పెద్ద యూనివర్సిటీ చెప్పింది కాబట్టి అక్షరం తేడా ఉండదని ఇంకొందరు. నిజానికి తప్పు ఎటువైపు, ఎంత ఉంటుందనేది ఏ డ్రగ్ గురించి, ఎక్కడ, ఎలా అడిగారన్న దాన్ని బట్టి మారిపోతుంది, అది తెలియకుండా శాతాన్ని శాతంగా చదివితే అనవసరంగా భయపడతాం లేదా అనవసరంగా ధీమాగా ఉంటాం.

ముందు దాచిపెట్టడం గురించి. డెట్రాయిట్‌లో 400 మందికి పైగా టీనేజర్లతో చేసిన ఒక స్టడీ 2010లో పీడియాట్రిక్స్ జర్నల్‌లో వచ్చింది. పిల్లల్ని అడిగారు, జుట్టు శాంపిల్ కూడా తీసుకుని టెస్ట్ చేశారు. కొకైన్ విషయంలో పిల్లలు ఒప్పుకున్నదాని కంటే జుట్టులో దొరికే అవకాశం 52 రెట్లు ఎక్కువగా తేలింది. అదే స్టడీలో తల్లిదండ్రుల జుట్టు కూడా చూస్తే వాళ్లూ దాచారని బయటపడింది, కాబట్టి ఇది పిల్లల బుద్ధి అనుకోడానికి లేదు, దొరికిపోతే నష్టం ఉందనుకున్న ఏ మనిషైనా చేసేదే. అయితే ఈ 52 రెట్లు అనే నంబర్ పట్టుకుని దేశం మొత్తానికి లెక్కేయడం తప్పు. ఆ పిల్లలు రిస్క్ ఎక్కువగా ఉన్న కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు, పైగా కొకైన్ గురించి ఒప్పుకోవడం ఒకటి, గంజాయి గురించి ఒప్పుకోవడం ఒకటి, ఎంత సిగ్గు పడాల్సిన డ్రగ్ అని లోకం అనుకుంటుందో అంత దాస్తారు.

మరి అందరికీ టెస్టులే చేసేస్తే పోలా అని అనిపిస్తుంది కదా. టెస్టుకి కూడా దాని బలహీనతలు దానికున్నాయి. తలకి దగ్గరున్న ఒకటిన్నర అంగుళం జుట్టు సుమారు 90 రోజుల కథ చెప్తుంది, కానీ ఇంట్లో ఎవరో కాల్చిన పొగ, ఎవరి చేతికో అంటిన పొడి కూడా జుట్టుకి అంటుకోవచ్చు, నల్ల జుట్టు కొకైన్‌ని ఎక్కువ పట్టి ఉంచుతుంది, అప్పుడప్పుడు గంజాయి తాగేవాళ్లని జుట్టు టెస్ట్ చాలాసార్లు పట్టుకోలేదు. యూరిన్ టెస్ట్ అయితే కొకైన్‌కి రెండు మూడు రోజులు దాటితే ఏమీ చూపించదు. పిల్లలకి మీ మీద మాకు నమ్మకం లేదు అని చెప్పినట్టు కూడా అవుతుంది, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో స్కూళ్లలో డ్రగ్ టెస్టులు విస్తృతంగా పెట్టడాన్ని వ్యతిరేకించడానికి ఇలాంటి కారణాలే ఉన్నాయి. టెస్ట్ నిజం చెప్తుంది, సర్వే అబద్ధం చెప్తుంది అనే లెక్క అంత తేలిగ్గా కుదరదు, రెండూ చూసేది వేరువేరు ముక్కలు.

టెస్ట్ చేయకుండానే టెస్ట్ భయం పెట్టి నిజం రాబట్టొచ్చా అని కూడా చూశారు. 1970ల్లో సిగరెట్ల మీద చేసిన ప్రయోగాల్లో, ఉమ్ము శాంపిల్‌లో నికోటిన్ తెలిసిపోతుందని పిల్లలకి ముందే సినిమా వేసి చూపించి ఆ తర్వాత అడిగితే, తాగుతున్నామని ఒప్పుకున్నవాళ్లు పెరిగారు. భయపెట్టడం కన్నా మంచి దారి తర్వాత దొరికింది, అదేంటంటే ఒంటరిగా వదిలేయడం. 1998లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో టీనేజ్ అబ్బాయిల్లో కొందరికి కాగితం ఫారం ఇచ్చారు, కొందరికి చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టి కంప్యూటర్లో ప్రశ్న వినిపించి వాళ్లనే కీ నొక్కమన్నారు. ప్రశ్నలు ఒకటే. కంప్యూటర్ దగ్గర కూర్చున్నవాళ్లు డ్రగ్స్ ఇంజెక్షన్ లాంటి బాగా సిగ్గుపడే విషయాలు చాలా ఎక్కువగా ఒప్పుకున్నారు. మనిషి మొహం చూడకుండా ఉంటే చాలు, పిల్లలు చెప్తారు. ఇళ్లకెళ్లి అడిగే అమెరికా జాతీయ సర్వే కూడా 1999లో కాగితం వదిలేసి ఈ పద్ధతికి మారిపోయింది.

ఇక రెండో వైపు, లేనిది ఉందని చెప్పేవాళ్లు. దీని గురించి జనం పెద్దగా మాట్లాడరు గానీ చాలా చోట్ల అసలు గొడవ ఇక్కడే ఉంది. ఎస్పాడ్ వాళ్లు డ్రగ్స్ లిస్టులో రెలెవిన్ అని ఒక పేరు పెట్టారు, అలాంటి డ్రగ్ ప్రపంచంలో లేదు. ఇంగ్లండ్ సర్వేల్లో ఇదే పనికి సెమెరాన్ అని పెట్టారు. వాడాను అని టిక్ పెట్టినవాళ్లు ఎంతమందో చూస్తే కల్పించి చెప్పేవాళ్లు ఎంతమందో ఒక అందాజా వస్తుంది. వీళ్లు ఎక్కువమంది ఉండరు, సగటున ఒక శాతం దాకా కూడా రారు, అంటే వంద మందిలో తొంభై తొమ్మిది మంది ఈ బుట్టలో పడట్లేదు, అది మంచి వార్తే. పాత సరదా కేసు ఇంకోటి ఉంది, అమెరికాలో యాడ్ హెల్త్ అనే పెద్ద స్టడీలో స్కూల్లో ఫారం నింపిన పిల్లల్లో 253 మంది తమకి కృత్రిమ చెయ్యో కాలో ఉందని రాశారు, తర్వాత వాళ్ల ఇళ్లకెళ్లి చూస్తే నిజంగా ఉన్నది ఇద్దరికే. ఇలా ఆటపట్టించినవాళ్లే డ్రగ్స్, మందు, గొడవల ప్రశ్నలకి కూడా అన్నిటికన్నా పెద్ద పెద్ద ఆన్సర్లు పెట్టారు, పరిశోధకులు పట్టించుకోవాల్సింది అదీ.

ఒక శాతమే కదా పోనీలే అనుకోడానికి లేదు, ఎందుకో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం, ఊహించుకున్న లెక్కే. 10,000 మంది పిల్లలున్నారు, అందులో హెరాయిన్ నిజంగా వాడినవాళ్లు 50 మంది, అంటే అర శాతం. ఆ 50 మందీ నిజమే చెప్పారనుకుందాం. సరదాకి అన్నిటికీ అవును అని నొక్కేవాళ్లు ఒక శాతం అంటే 100 మంది. ఇప్పుడు సర్వేలో హెరాయిన్ వాడినవాళ్లు 150 మంది, ఒకటిన్నర శాతం, నిజానికి మూడు రెట్లు, అందులో ప్రతి ముగ్గురిలో ఇద్దరు అసలు హెరాయిన్ మొహమే చూడనివాళ్లు. అదే 10,000 మందిలో గంజాయి వాడినవాళ్లు 3,000 అనుకోండి, అదే 100 మంది ఆకతాయిలు కలిస్తే 3,100 దాకా అవుతుంది, 30 శాతం కాస్తా 31 అవుతుంది, ఎవరికీ ఏ నష్టం లేదు. పైగా గంజాయి విషయంలో దాచేవాళ్లూ కొందరు ఉంటారు కాబట్టి ఒకదాన్ని ఒకటి కొంత చెరిపేసుకుంటాయి కూడా. కాబట్టి ఒకే సర్వే, ఒకే పిల్లలు, ఒకే ఆకతాయితనం, అయినా గంజాయి నంబర్ నమ్మొచ్చు, హెరాయిన్ నంబర్ దగ్గర ఆగి ఆలోచించాలి. "టీనేజర్లలో హెరాయిన్ రెట్టింపు" లాంటి హెడ్డింగ్ కనిపిస్తే మొదట చూడాల్సింది ఎంత నుంచి ఎంతకి అనేది, 0.2 శాతం నుంచి 0.4 శాతం అయినా రెట్టింపే కదా. అరుదైన డ్రగ్స్ గురించి సర్వేలో వచ్చే చిన్న చిన్న ఎగుడుదిగుళ్లలో ఎంత భాగం డ్రగ్, ఎంత భాగం ఆకతాయితనం అనేది ఆ ఒక్క ఏడాది నంబర్ చూసి విడదీయడం కుదరదు.

ప్రశ్నలో వాడే పదాలు కూడా నంబర్‌ని ఎంత కదిలిస్తాయో చూడండి. మానిటరింగ్ ద ఫ్యూచర్‌లో నిద్ర, ఆందోళన మాత్రల ప్రశ్న కింద ఉదాహరణగా మిల్‌టౌన్ అనే పాత బ్రాండ్ పేరు ఉండేది, 2001లో దాన్ని తీసేసి జానాక్స్ అని పెట్టేసరికి వాడినవాళ్ల శాతం పెరిగింది. పిల్లలు కొత్తగా మొదలుపెట్టలేదు, ఇంతకుముందు ఆ ప్రశ్న తమ గురించేనని వాళ్లకి తెలియలేదు. ఎక్స్‌టసీ ప్రశ్నలో 2014 నుంచి మోలీ అనే వీధి పేరు కలిపినప్పుడు కూడా అదే కథ. వేపింగ్, అంటే ఈ-సిగరెట్ తాగడం అయితే మరీ చిక్కు. 2015లో చివరిసారి వేప్ చేసినప్పుడు అందులో ఏముంది అని అడిగితే 60 శాతానికి పైగా పిల్లలు ఉత్త ఫ్లేవరే అన్నారు. తర్వాత జూల్ అనే ఈ-సిగరెట్ బ్రాండ్ వచ్చింది, జూల్ వాడే 15 నుంచి 24 ఏళ్లవాళ్లలో 63 శాతం మందికి అందులో ఎప్పుడూ నికోటిన్ ఉంటుందన్న సంగతే తెలియదని ట్రూత్ ఇనిషియేటివ్ అనే పొగాకు వ్యతిరేక సంస్థ సర్వేలో బయటపడింది. జూల్ వాడే ఒక అమ్మాయిని నికోటిన్ వాడావా అంటే లేదు అంటుంది, మనసులో ఏ కల్మషం లేకుండా లేదు అంటుంది. ఇది అబద్ధం కాదు, తెలియకపోవడం, ఏ అబద్ధాల ఫిల్టర్ పెట్టినా ఇది దొరకదు.

డబ్బులిచ్చినా నంబర్ మారుతుంది. ఇంటింటి సర్వేలో 2002 నుంచి పాల్గొన్నవాళ్లకి 30 డాలర్లు ఇవ్వడం మొదలుపెట్టారు, సర్వే పేరు కూడా మార్చారు, ఆ ఏడాది వాడకం శాతాలు ఒక్కసారి పైకి ఎగిశాయి. ఒక్క ఏడాదిలో దేశం అంత చెడిపోయిందా అంటే లేదు, ఒప్పుకుని కూర్చునేవాళ్లు మారారు. అందుకని అధికారులే 2002కి ముందు నంబర్లతో తర్వాతివి పోల్చొద్దని చెప్పి అక్కడ కొత్త గీత గీశారు. గ్రాఫ్ చూసేటప్పుడు ఇలాంటి గీతలు ఎక్కడున్నాయో కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, వార్త రాసేవాళ్లు సాధారణంగా వదిలేసేది దాన్నే.

ఇంతవరకు ఫారం నింపినవాళ్ల గురించి మాట్లాడుకున్నాం. నింపనివాళ్ల సంగతో? ఆ రోజు స్కూలుకి రానివాళ్లు, చదువు మధ్యలో మానేసినవాళ్లు, ఇల్లు లేనివాళ్లు, జువైనల్ హోముల్లో ఉన్నవాళ్లు, వీళ్లలో డ్రగ్ వాడకం ఎక్కువని చాలా స్టడీల్లో తేలింది, స్కూల్ సర్వేలో వీళ్లు ఉండరు. 12వ తరగతి సర్వేలో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే డ్రగ్స్‌తో బాగా దెబ్బతిన్న పిల్లాడు చాలాసార్లు 12వ తరగతి దాకా చేరనే చేరడు. తల్లిదండ్రుల పర్మిషన్ రూల్ కూడా ఇక్కడే లెక్కకొస్తుంది. వద్దంటే చెప్పండి అని లెటర్ పంపితే దాదాపు అందరూ పాల్గొంటారు, సంతకం పెట్టి పంపితేనే కూర్చోబెడతాం అంటే మాత్రం పాల్గొనేవాళ్లు బాగా తగ్గిపోతారు, ఆ తగ్గేవాళ్లలో ఇంట్లో పట్టించుకునేవాళ్లు లేని పిల్లలే ఎక్కువ. పిల్లల ప్రైవసీ కోసం, తల్లిదండ్రుల హక్కు కోసం పెట్టిన మంచి రూలే, కానీ దానివల్ల అసలు చూడాల్సిన పిల్లలే కనబడకుండా పోతారు.

ఇన్ని లోపాలు చెప్పాక కూడా ఈ సర్వేలని పారేయక్కర్లేదు అనడానికి గట్టి కారణం ఒకటుంది. దాచేవాళ్లు, కల్పించేవాళ్లు, రానివాళ్లు ప్రతి ఏడాదీ ఇంచుమించు ఒకే పాళ్లలో ఉంటే, నంబర్ అసలు నిజం కాకపోయినా పెరుగుతోందా తగ్గుతోందా అన్నది మాత్రం నిజమే అవుతుంది. ఐదు కేజీలు తక్కువ చూపించే కాటా మీద రోజూ నిలబడితే బరువు తప్పే గానీ తగ్గుతున్నామా లేదా అన్నది తెలిసిపోతుంది కదా, అలాగ. మీ ఫ్రెండ్స్‌లో ఎంతమంది వాడతారు అని విడిగా అడుగుతారు, అందులో ఎవరూ తమ గురించి ఒప్పుకోవాల్సిన పని లేదు, ఆ ఆన్సర్లు కూడా సొంత వాడకం ఆన్సర్లతో పాటే పైకీ కిందకీ కదులుతుంటాయి. కాటాయే మారిపోతేనే చిక్కు. గంజాయి చట్టబద్ధం అయిన చోట ఒప్పుకోడానికి భయం తగ్గుతుంది, అప్పుడు పెరిగింది వాడకమా, ధైర్యమా అన్నది విడిగా చూసుకోవాలి.

కాటా మారిందా లేదా అన్న పరీక్ష కోవిడ్‌తో అనుకోకుండా జరిగింది. 2020 మార్చిలో స్కూళ్లు మూతపడి మానిటరింగ్ ద ఫ్యూచర్ సర్వే మధ్యలో ఆగిపోయింది, మామూలుగా దొరికే శాంపిల్‌లో నాలుగో వంతే దొరికింది. 2021లో పాల్గొన్నవాళ్లలో 60 శాతం మంది ఇంటి నుంచే నింపారు. రిజల్ట్ చూసి అందరూ ఆశ్చర్యపోయారు, గత ఏడాదిలో ఏదో ఒక నిషేధిత డ్రగ్ వాడామన్న 10వ తరగతి పిల్లలు 2020లో 30.4 శాతం ఉంటే 2021లో 18.7కి పడిపోయారు, 8వ తరగతిలో 15.6 నుంచి 10.2కి. ఇంట్లో కూర్చుని నింపారు కాబట్టి భయపడి దాచారు అన్న అనుమానం అందరికీ వచ్చింది, రావాల్సిందే. ఆ అనుమానం నిజమైతే పిల్లలు తిరిగి క్లాస్‌రూమ్‌లోకి వచ్చాక నంబర్ మళ్లీ 30కి ఎగబాకాలి. 2022లో 10వ తరగతి నంబర్ 21.5, 2023లో 19.8. ఎగబాకలేదు. రెండు మూడు పాయింట్ల తేడాలో కొంత దాచడం ఉంటే ఉండొచ్చు, మిగతాదంతా నిజమైన తగ్గుదలే అని నమ్మడానికి ఇంతకన్నా మంచి ఆధారం అడగలేం. 2024లో 12వ తరగతి పిల్లల్లో 67 శాతం మంది గత 30 రోజుల్లో మందు, గంజాయి, నికోటిన్ ఏదీ ముట్టలేదన్నారు, 2017లో అది 53 శాతం. ఇవి ఎక్కువమందికి సంబంధించిన ప్రశ్నలు, ఆకతాయిలు వీటిని పెద్దగా కదిలించలేరు, కాబట్టి టీనేజ్ పిల్లలు అంతకంతకూ పాడైపోతున్నారు అని ఎవరైనా అంటే ఈ నంబర్ చూపించి కాదు అని ధైర్యంగా చెప్పొచ్చు.

అయితే సరిగ్గా ఆ ఏళ్లలోనే గుండె పిండేసే ఇంకో లెక్క ఉంది. అమెరికాలో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్లో ఓవర్‌డోస్ చావులు 2019లో 492, 2020లో 954, 2021లో మొదటి ఆరు నెలల్ని బట్టి ఏడాదికి వేసిన లెక్కలో 1,146. ఈ మూడేళ్ల లెక్కని 2022లో జామా అనే వైద్య పత్రికలో ప్రచురించారు. 10వ తరగతి పిల్లల వాడకం 2010లో 30.2 శాతం, 2020లో 30.4 శాతం, పదేళ్లలో కదలిక లేదు, ఆ తర్వాత తగ్గింది కూడా, చావులు మాత్రం రెట్టింపు దాటిపోయాయి. రెండూ నిజాలే. ఎంతమంది వాడుతున్నారన్నది ఒక ప్రశ్న, వాడినదాంట్లో ఏముందన్నది వేరే ప్రశ్న. 2021 చావుల్లో 77 శాతంలో ఫెంటానిల్ అనే, కొంచెమే ప్రాణం తీసేంత బలమైన నొప్పి మందు ఉంది.

సర్వే ఫారంలో ఇది ఎలా కనిపిస్తుందో దగ్గరగా చూస్తే చాలా బాధేస్తుంది. ఒక అమ్మాయి ఫోన్లో ఎవరి దగ్గరో నొప్పి మాత్ర కొంది, పెర్కోసెట్ అని చెప్పారు, రంగు, సైజు, మీద ముద్ర అన్నీ అచ్చం పెర్కోసెట్ లాగే ఉన్నాయి. సర్వే వచ్చినప్పుడు, డాక్టర్ రాయకుండా పెర్కోసెట్ వేసుకున్నావా అన్న ప్రశ్నకి అవును అని పెట్టింది, ఎన్నిసార్లు అంటే ఒకటి రెండు సార్లు అని పెట్టింది. దాచలేదు, గొప్పకి పోలేదు, పేరు కూడా తనకి తెలిసిన పేరే. అయినా ఆ డేటా తప్పు, ఎందుకంటే ఆమె వేసుకున్నది పెర్కోసెట్ కాదు. 2022లో అమెరికా డ్రగ్స్ నియంత్రణ సంస్థ డీఈఏ ల్యాబ్ పట్టుబడిన ఫెంటానిల్ దొంగ మాత్రల్ని పరీక్షిస్తే ప్రతి పదిలో ఆరింట్లో ప్రాణం తీయగల డోస్ ఉంది, అంతకుముందు ఏడాది అది పదిలో నాలుగు. పిల్లలు ఏం వాడామనుకుంటున్నారో సర్వే చెప్తుంది, మాత్రలో ఏముందో ల్యాబ్ చెప్తుంది, ఎవరు ఇంటికి తిరిగి రాలేదో డెత్ సర్టిఫికెట్ చెప్తుంది, ఈ మూడిట్లో మొదటిది ఏడాదికోసారి ప్రెస్ మీట్ పెట్టి చెప్తారు కాబట్టి అందరికీ తెలుస్తుంది, మిగతా రెండూ వేరే వేరే ఆఫీసుల్లో ఉండిపోతాయి. యూరప్‌లో 2011 నుంచి నగరాల మురుగునీటిని పరీక్షించి ఏ డ్రగ్ ఎంత వాడుతున్నారో కొలుస్తున్నారు, అందులో ఎవరూ దాచలేరు, ఎవరూ కల్పించలేరు, కానీ ఆ నీళ్లలో పదిహేనేళ్ల పిల్లది ఎంత, నలభై ఏళ్ల మనిషిది ఎంత అని విడదీయడం కుదరదు. వయసు తెలియాలంటే మళ్లీ ఆ క్లాస్‌రూమ్‌కే వెళ్లి, ఆ పిల్లల్నే అడగాలి.